మన వాకిటి చెత్త, మన ఊరి ఆరోగ్యం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. ఎవరి ఆదాయమెంతో, వ్యయమెంతో తెలిసింది. పిల్లలు చక్కగా పాడారు. ఇటువంటి సభలో చెత్తను గురించి మాట్లాడవలసిందని కార్యవర్గం వారు కోరినప్పుడు, ఇదేమి విడ్డూరమని కొందరు మిత్రులు నవ్వారు. ఆలోచించి చూస్తే విడ్డూరమేమీ లేదు. పండుగకు వారం ముందు నుండి మన ఇండ్లలో జరిగిన పనేమిటి? బూజు దులిపాము. అటక మీది సామాను దించాము. చిరిగిన చాపలు, సొట్టపడిన డబ్బాలు, మూతలేని సీసాలు, గడువు దాటిన మందులు, పాడైన బల్బులు అన్నీ బయట పెట్టాము. ఇల్లు అద్దంలాగ అయింది. మరి ఆ బయట పెట్టినవి ఎక్కడికి పోయాయి? ఎవరు మోశారు? ఏ చేతులతో ఏరారు? పంచాంగంలో దొరకని ఈ ఫలం గురించే మా మాటలు.

ఇక్కడ కూర్చున్న మనలో రెండు తెగలవారము ఉన్నాము. హోసూరు, కృష్ణగిరి సీమలలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ వ్యవసాయాలు, వ్యాపారాలు చేసుకుంటున్నవారు ఒకరు. వారు ఎక్కడి నుండీ రాలేదు. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది, అంతే. సరిహద్దు వారిని దాటింది గాని వారు సరిహద్దును దాటలేదు. రెండవవారు హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసిన తరువాత కార్ఖానాలలో పనికని, పిల్లల చదువులకని పెట్టే బేడా సర్దుకుని వచ్చినవారు. మా మాట ముఖ్యంగా ఈ రెండవవారికి. ఎందుకంటే, “మనదేమి ఊరు? అద్దె ఇల్లు. రేపు బదిలీ అయితే మరో ఊరు” అనే మాట మన నోటనే ఎక్కువ వినబడుతుంది. ఆ మాట నుండే, డ్యూటీకి పోతూ పోతూ మోటారు సైకిలు హ్యాండిలుకు తగిలించిన చెత్త సంచిని ఏ ఖాళీ జాగాలోనో, చెరువు గట్టునో విసిరే అలవాటు పుట్టింది. విసిరినవాడు వెనుదిరిగి చూడడు. ఆ ఖాళీ జాగా పక్కనే మరొక తెలుగువాడు అద్దెకు దిగి ఉంటాడు.

హోసూరు చిన్న ఊరుగా ఉన్నప్పుడు సంగతి వేరు. ఇంటి కసువు పెరటి దిబ్బలోకి, దిబ్బ నుండి ఎరువుగా చేనుకు పోయేది. కుప్ప అంటే మనకు కళ్ళంలోని ధాన్యరాశి. పొరుగు భాషలో కుప్పై అంటే చెత్త. ఆ రెండు అర్థాలకు నడుమ దూరం ఆనాడు అంతగా లేదు. దిబ్బ మీది చెత్త మరునాటికి పంట అయ్యేది గనుక. ఇప్పుడు పెరడు లేదు, చేను లేదు. 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లా అయింది. 2019 ఫిబ్రవరిలో హోసూరు నగరపాలక సంస్థ అయింది, 45 వార్డులు. ఊరు నగరమైతే మన చెత్త కూడ నగరపు చెత్త అవుతుంది. అందులో సగానికి పైగా ఇప్పటికీ కూరగాయల తొక్కలు, అన్నం మెతుకులు, పూలు, ఆకులే. తక్కినదానిలో ఎక్కువ భాగం పాల కవర్లు, చిరుతిండి పొట్లాలు. మొదటిది కుళ్ళుతుంది. రెండవది మనుమల కాలానికి కూడ కుళ్ళదు. ఈ రెండింటినీ ఒకే సంచిలో కట్టి ముడి వేయడమే తగవంతా.

ఆ సంచి లోపల జరిగేదేమిటో కొంచెం చెప్పుకుందాము. గాలి ఆడితే కూరగాయ తొక్క నెలన్నర, రెండు నెలలలో చక్కని ఎరువు అవుతుంది. గాలి ఆడకుండా ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే అదే తొక్క పులిసి, నల్లని రసం కారి, కంపుకొట్టి, మీథేన్ అనే మండే వాయువును వదులుతుంది. చెత్త గుట్టలలో నిప్పు అంటుకోవడానికి, అంటుకున్నది రోజుల తరబడి ఆరకపోవడానికి కారణం ఆ వాయువే. 2022 ఏప్రిల్ చివర చెన్నైలో పెరుంగుడి చెత్తదిబ్బ తగులబడి కొన్ని రోజులు ఊరిని పొగలో ముంచింది. ఆ నల్లని రసం భూమిలోకి ఇంకితే బావులు పాడవుతాయి. బెంగుళూరు దాపున మావళ్ళిపుర, మండూరు గ్రామాలవారు తమ నీళ్ళు, గాలి చెడిపోయాయని తిరగబడ్డారు. మావళ్ళిపురకు చెత్త పోవడం 2012లో, మండూరుకు 2014లో ఆగిపోయాయి. పట్నం చెత్తను పల్లెటూరు మోయడమనే ఏర్పాటు ఎంతో కాలం సాగదని మన కూతవేటులోనే రుజువైంది.

ఇది ఇప్పటి బెడద మాత్రమే కాదు. 1898లో బెంగుళూరులో ప్లేగు వచ్చినప్పుడు ఇరుకు వీధులు, ఎలుకలు, మురికి కలిసి ఊరిని ఎట్లా ఖాళీ చేయించాయో అక్కడి పాతకాపులు తరాలుగా చెప్పుకున్నారు. బసవనగుడి, మల్లేశ్వరం పేటలు ఆ భయంలో నుండి లేచినవే. ప్లేగమ్మ పేరిట గుళ్ళు కూడ వెలిశాయి. అమ్మవారికి మొక్కినవారు మొక్కారు, పురపాలకులు వీధులు వెడల్పు చేశారు. ఏది పనిచేసిందని మమ్మల్ని అడగవద్దు, పండుగపూట తగవెందుకు.

ప్లేగు పాతకథ అని అనుకుంటూ ఉండగా 1994 సెప్టెంబరులో సూరతు నగరంలో మళ్ళీ తలయెత్తింది. అంతకు ముందే వరదలు వచ్చి, చెత్త, చచ్చిన పశువులు వీధులలో కుళ్ళి ఉన్నాయి. కొద్ది రోజులలో లక్షలమంది ఊరు విడిచి రైళ్ళెక్కారు. సూరతు మగ్గాల మీద బ్రతికే తెలుగు నేతవారు ఎందరో ఉన్నారు. వలసపోయిన మనవాళ్ళకు ఆ ఊరు ఎంత దగ్గరో ఈ సభలో వేరే చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరం మే నెలలో ఆ నగరానికి కమిషనరుగా వచ్చినవారు సూర్యదేవర రామచంద్రరావు గారు. ఆయన కొత్త యంత్రాలేమీ కనిపెట్టలేదు. పెద్ద ఉద్యోగులందరినీ చల్లని గదులలో నుండి లేపి రోజూ ఉదయం వీధులలోకి పంపారు. తానూ తిరిగారు. రాత్రిపూట కూడ ఊడ్పించారు. చెత్త వేసిన దుకాణదారులకు, హోటళ్ళవారికి పెద్ద చిన్న తేడా లేకుండా జరిమానా వేశారు. రెండేళ్ళు తిరగకుండానే సూరతుకు దేశంలోని శుభ్రమైన నగరాలలో రెండవదన్న పేరు వచ్చింది. సూర్యాపేట సంగతి ఇంకా దగ్గరిది. 2003 ప్రాంతంలో ఆ పురపాలక సంఘం వారు ఇంటింటికీ తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి రెండు బుట్టలు పెట్టించి, వీధి కుండీలు ఎత్తివేయించి, వానపాములతో ఎరువు చేయించారు. దూరదేశాల నుండి కూడ చూడవచ్చారు. అక్కడివారు మనకంటె చదువుకున్నవారూ కారు, ధనవంతులూ కారు.

అన్నట్టు, మన హోసూరు పక్కనే తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి గారు దేశానికి గవర్నరు జనరల్ అయిన సంగతి అందరికీ తెలుసు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, 1917 నుండి 1919 వరకు, ఆయన సేలం పురపాలక సంఘానికి అధ్యక్షులు. మురుగు కాలువల లెక్కలు చూసిన తరువాతనే దేశపు లెక్కలు చూశారన్నమాట. పురపాలక సంఘం పనిని చిన్నచూపు చూసే మన చదువుకున్న కుర్రవాళ్ళకు ఈ ముక్క చెప్పాలి.

ఇక మన వాకిటికి వద్దాము. తమిళనాడు పట్టణాలలో ఉదయంపూట బండి వస్తుంది, ఈల వినబడుతుంది. బండి మీద “మక్కుం కుప్పై”, “మక్కాద కుప్పై” అని రాసి ఉంటుంది. కుళ్ళే చెత్త, కుళ్ళని చెత్త అని అర్థం. తమిళ లిపి రాదని దిగులుపడనక్కరలేదు, ఆకుపచ్చ తొట్టి తడి చెత్తకు, నీలం తొట్టి పొడి చెత్తకు అని గుర్తుంటే చాలు. తొట్టి అనే మాట రెండు భాషలలోనూ ఒకటే. తడి చెత్త వార్డులలోని చిన్న ఎరువు కేంద్రాలకు పోతుంది. అక్కడ తరిగి, తొట్లలో పోసి, తిరగవేస్తూ ఎరువు చేస్తారు. ఆ తొట్టిలో నాలుగు పాల కవర్లు పడితే వాటిని ఏరవలసింది మనిషి చేయి. పాల కవరును ఒక మూల కొంచెమే కత్తిరించి, ఆ ముక్క ఊడిపోకుండ ఉంచి, కడిగి ఆరవేస్తే పాత సామానువాడు కూడ కొంటాడు. ముక్క ఊడిందంటే అది ఎవరికీ దొరకదు, ఆవు కడుపులో తేలుతుంది.

2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు ఇంటి చెత్తను మూడు విధాలుగా వేరుచేయమన్నాయి. 2026 జనవరిలో ప్రకటించి, ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్ణయించిన కొత్త నియమాలు నాలుగన్నాయి: తడి, పొడి, శరీర శుభ్రతకు వాడి పారవేసే గుడ్డలు, పసిపిల్లల డయపర్ల వంటివి ఒకటి, బల్బులు, బ్యాటరీలు, పాత మందులు, రంగు డబ్బాల వంటి జాగ్రత్తగా చూడవలసినవి మరొకటి. మూడో రకం మాట సభలో ఎత్తడానికి మన ఆడవారు సిగ్గుపడతారు, మగవారు వినడానికి ఇంకా సిగ్గుపడతారు. చెప్పక తప్పదు. పాత న్యూస్ పేపరులో గట్టిగా చుట్టి, పైన ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టి, విడిగా ఇస్తే చాలు. పగిలిన గాజు, బ్లేడు, సూదిమందు సూదులు కూడ అంతే, ఒక పాత డబ్బాలో వేసి మూత బిగించి ఇవ్వాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మనం మిగుల్చుకుంటే అవతల ఒకరి వేలు తెగుతుంది.

ఆ ఒకరు ఎవరు? ఈ ప్రశ్న వద్ద మేము కొంచెంసేపు ఆగుతాము.

తమిళనాడులో వారిని వెనుక తుప్పురవు పణియాళర్ అనేవారు. 2020 నుండి ప్రభుత్వం తూయ్మై పణియాళర్ అని గౌరవంగా పేరు మార్చింది. ఈ రాష్ట్రంలో ఆ పనిచేసేవారిలో ఎంతోమంది అరుంధతీయులు. వారిలో పెక్కు కుటుంబాలు ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. 2009లో ఈ రాష్ట్రం షెడ్యూల్డు కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకించడానికి కారణం, అందరిలోకీ వెనుక మిగిలిపోయినవారు వారేనని. సరిహద్దుకు అవతల బెంగుళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికులలో కూడ అధిక సంఖ్యాకులు తెలుగు మాట్లాడే దళితులే. అంటే, తెలుగు వలస చరిత్ర అని మనం సావనీర్లలో రాసుకునే కథలో మనకంటె ఎంతో ముందుగా వచ్చినవారు వీరు. మనం పెట్టెతో వచ్చాము, వారు చీపురుతో వచ్చారు. మనం తలుపు తీసి వచ్చీరాని తమిళంలో “ఇందాంగ” అని సంచి అందిస్తే, అవతలి మనిషి “సరింగ” అని పుచ్చుకుని, రెండడుగులు పోయి తోటి మనిషితో తెలుగులో మాట్లాడుతుంది.

కృష్ణగిరి జిల్లాకు పొరుగున కోలారు బంగారు గనులు ఉన్నాయి. గనుల కాలనీలో పాత పద్ధతి మరుగుదొడ్లను చేతితో ఎత్తి శుభ్రం చేసిన తెలుగు కుటుంబాలలో ఒకదానిలో 1966లో పుట్టినవారు బెజవాడ విల్సన్ గారు. ఆ పని మనిషి చేయవలసిన పని కాదని తన కాలనీలోనే మొదలుపెట్టి, సఫాయి కర్మచారీ ఆందోళన్ పేరిట దేశమంతటా పోరాడినందుకు 2016లో ఆయనకు మెగసేసే పురస్కారం వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. మురుగు గుంతలలో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు అన్నది. 2023లో ముప్ఫై లక్షలు అన్నది. మన అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు యంత్రం బండికి కబురు చేయకుండ, ఇద్దరు కూలీలను పిలిచి లోపలికి దించే పని చట్టరీత్యా నేరం. తక్కువలో అయిపోతుందని ఎవరైనా సెక్రటరీ గారు సలహా ఇస్తే, ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి.

జ్వరాల సంగతి మరచిపోకూడదు. డెంగ్యూ జ్వరం తెచ్చే దోమ మురుగు కాలువలో పుట్టేది కాదు; మంచినీళ్ళలో పుడుతుంది, పగలు కుడుతుంది. డాబా మీది పాత టైరు, పారవేసిన టెంకాయ చిప్ప, ఐస్‌క్రీం కప్పు, ఫ్రిజ్ వెనుక పళ్ళెం, పూలకుండీ కింది సాసరు, ఇవి దానికి పుట్టిళ్ళు. అంటే మనం చెత్త అని పేరుపెట్టి మరిచినవే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి వాటిని బోర్లించి, నీళ్ళ తొట్లను తోమి ఆరబెడితే దాని వంశం అక్కడితో సరి. గుడ్లు తడి లేకుండా కూడ నెలల తరబడి బ్రతకగలవు, అందుకే ఉత్త నీళ్ళు పారబోయడం చాలదు, తోమాలి. నగరపాలక సంస్థ తరఫున దోమ పిల్లలను వెదకడానికి ఇంటికి వచ్చేవారిని కొందరు గేటు దగ్గరే ఆపి పంపివేస్తారు. తొట్టిలో మందు వేస్తే విషమేమోనని భయం. టెమెఫాస్ అనే ఆ మందును తగిన మోతాదులో తాగునీటిలో సైతం వేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వచ్చినవారిని లోపలికి రానివ్వండి. డాబా కూడ చూపించండి.

ప్రజారోగ్యం ప్రభుత్వపు విధి అని చట్టంలో రాసుకున్నది దేశంలో మొట్టమొదట మన పాత మద్రాసు రాష్ట్రమే, 1939లో. ఆనాడు నెల్లూరు, చిత్తూరు, అనంతపురం, సేలం అన్నీ ఒకే గొడుగు కింద ఉండేవి గనుక అది మన ఉమ్మడి ఆస్తి. ఇటీవలి సంగతి ఒకటి: రక్తపోటు, చక్కెర జబ్బుల మందులను ఇంటి వద్దకే తెచ్చి ఇచ్చే “మక్కళై తేడి మరుత్తువం” పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి గ్రామంలోనే ప్రారంభించింది. ఊరి నుండి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న తల్లిదండ్రులు మన ఇండ్లలో ఎందరో. భాష రాదని, ఎక్కడ అడగాలో తెలియదని, ఊరికి పోయినప్పుడు మూడు నెలల మాత్రలు ఒకేసారి కొనితెచ్చుకుని, అయిపోతే మానేస్తారు. వార్డులోని ఆరోగ్య కేంద్రానికి ఒకసారి తీసుకుపోయి పేరు రాయించండి. అక్కడి నర్సమ్మలలో తెలుగు తెలిసినవారు హోసూరులో దొరకరనుకుంటే పొరపాటు. వీధిలో బండి రాకపోతే, కాలువ పొంగితే కార్పొరేషనులో చెప్పాలి. అక్కడ వినకపోతే ముఖ్యమంత్రి గారి సహాయ కేంద్రం 1100 నంబరు ఉన్నది. ఫిర్యాదు చేయడం తగవు పెట్టుకోవడం కాదు. ఇంటిపన్ను యజమాని కడతాడు, ఆ యజమానికి అద్దె మనం కడతాము. అడిగే హక్కు మనకూ ఉన్నది.

షిఫ్టు డ్యూటీల వారి కష్టం మాకు తెలియనిది కాదు. బండి వచ్చే వేళకు భార్యాభర్తలిద్దరూ పనిలో ఉంటారు. మా వీధిలో కొన్ని కుటుంబాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. మెట్ల కింద మూతలున్న రెండు బకెట్లు, ఇంటికి ఒక వారం వంతు. వంతు ఎవరిదో ఆ ఇంటివారు బండికి అందిస్తారు. దీనికి సమావేశాలు, తీర్మానాలు అక్కరలేకపోయింది.

ఇంకొక్క మాట. నెల్లూరి పెన్న, మన దక్షిణ పినాకిని రెండూ నందికొండలలో పుట్టిన తోబుట్టువులు. ఒకటి తెలుగుదేశానికి పోయింది, మరొకటి మన వైపు వచ్చింది. ఆ వచ్చినది బెంగుళూరు మురుగును, సబ్బు నీళ్ళను, కార్ఖానాల వ్యర్థాలను మోసుకుని హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం చేరేసరికి, వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు తెల్లని నురుగు గుట్టలుగా లేచి రోడ్డు మీదికి వస్తుంది. దూరం నుండి చూసినవారు మంచు అనుకుంటారు. ఆ నీరే కృష్ణగిరి ఆనకట్టకు పోతుంది, దారిలో పొలాలకు పోతుంది, పొలాల నుండి మన కూరగాయల బుట్టలోకి వస్తుంది. ఎగువన బెంగుళూరులో ఉన్న మన చుట్టాలను తిట్టుకునే ముందు, మనకు దిగువన కూడ ఊళ్ళున్నాయి, సాతనూరు దాకా, కడలూరు సముద్రం దాకా.

భోజనాల వేళ దాటుతున్నది. ఈ రోజు వడ్డన అరటి ఆకులలో. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పులు, పళ్ళేలు 2019 జనవరి 1 నుండి ఈ రాష్ట్రంలో నిషేధం కనుక నీళ్ళకు స్టీలు లోటాలు తెప్పించాము. లెక్కపెట్టి ఇచ్చాము, లెక్కపెట్టి తీసుకుంటాము. తిన్న ఆకులు ఎడమ చేతి వైపున్న వెదురు గంపలో, మరేదైనా ఉంటే కుడి వైపు గోనెసంచిలో వేయండి. పిల్లలు గంపల దగ్గర నిలబడి చూస్తారు, వారితో వాదానికి దిగవద్దు. ఈ వార్డులో పనిచేసే పారిశుధ్య కార్మికులను, వారి కుటుంబాలను కార్యవర్గం భోజనానికి పిలిచింది. వారు వచ్చి బయట అరుగు మీద కూర్చున్నారు. మొదటి పంక్తి వారిది. లోపలికి రమ్మని తెలుగులోనే పిలవండి.